58 ఎమ్ఎమ్ బ్యాడ్జ్ మెషిన్: కామిక్ కాన్‌లో టేబుల్ పెట్టాలనుకునే మనోళ్ల కోసం రివ్యూ

సొంతంగా బొమ్మలేసి బ్యాడ్జీలు చేసి అమ్ముదామనుకునేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, మెషిన్ కొనండి, కానీ దాంతోపాటు పేపర్ గుండ్రంగా కోసే కటర్ కూడా మంచిదే తీసుకోండి. కటర్ దగ్గర డబ్బులు మిగిల్చుకుంటే మెషిన్ ఎంత మంచిదైనా దండగే. నేను నెల్లూరులో ఇంట్లోనే ఈ పని చేస్తున్నా, హైదరాబాద్, చెన్నైలో కామిక్స్ అభిమానులకి జరిగే మేళాలైన కామిక్ కాన్‌లకీ ఇక్కడి కాలేజీ ఫెస్ట్‌లకీ సరుకంతా దీని మీదే తయారవుతుంది, కాబట్టి వాడి చూసి రాస్తున్నదే.

ఆన్‌లైన్‌లో వెతికితే ఒకే మెషిన్ పది పేర్లతో కనపడుద్ది. ఇనప బాడీ, పైన పొడుగు హ్యాండిల్, కింద పక్కకి జరిగే రెండు డైలు, అంటే అచ్చులు. పేరు చూసి ఎక్కువ పెట్టాల్సిన పనిలేదు, బరువు చూడండి, బరువుంటే నొక్కేటప్పుడు టేబుల్ మీద కదలదు. తేలిగ్గా ఉండే ప్లాస్టిక్ బాడీవి పిల్లల క్రాఫ్ట్‌కి సరిపోతాయేమో గానీ వందల్లో చేసే పనికి వద్దు.

అసలు మెషినెందుకు, బయట ఆర్డర్ ఇస్తే పోలా అని చానామంది అడుగుతారు. బయట ఇస్తే డిజైన్‌కి 50, 100 పీసులు తీసుకోమంటారు. కొత్తగా టేబుల్ పెట్టేవాళ్లకి ఏ బొమ్మ పోతదో ఏది మిగులుద్దో ఎట్టా తెలుస్తది? పది డిజైన్లు వెయ్యి పీసులు చేయించి అందులో రెండే అమ్ముడుపోతే మిగిలినవన్నీ మంచం కిందే. మెషినుంటే ఒక్కోటి పదే చేసుకొని పోవచ్చు, మొదటి రోజు ఏది అయిపోయిందో చూసుకొని రాత్రికి రూములో కూర్చొని ఇంకో ముప్పై నొక్కుకోవచ్చు. నా దృష్టిలో ఈ మెషిన్ విలువంతా ఇక్కడే ఉంది, పీసుకి రూపాయో రెండో మిగలడంలో లేదు.

పని ఎట్టా జరుగుద్దంటే, మొదటి డైలో రేకు మూత బోర్లించినట్టు పెట్టాలి, దాని మీద గుండ్రంగా కోసిన ప్రింటు, దాని మీద మైలార్ ఫిల్మ్ అనే పల్చటి పారదర్శక ప్లాస్టిక్ పొర. ఒకసారి నొక్కితే మూడూ కలిసి పై డైలోకి ఎక్కిపోతాయి, కింద చూస్తే ఖాళీగా ఉంటది, కొత్తవాళ్లు ఏదో పాడైందని భయపడతారు, ఏం కాలేదు, అట్నే ఉండాలి. ఇప్పుడు రెండో డైలో పిన్ను ఉన్న వెనక మూత పెట్టి జరిపి మళ్లీ నొక్కాలి, అంచు లోపలికి మడతపడి బిగుసుకుంటది. హ్యాండిల్ కింద దాకా పోయి "టక్" మని ఆగితే అయినట్టే. పిన్ను అడ్డంగా రావాలంటే డై మీద పర్మనెంట్ మార్కర్‌తో ఒక గీత గీసుకోండి, బొమ్మ తల ఎప్పుడూ ఆ గీతకే పెట్టండి, లేకపోతే చొక్కాకి పెట్టుకున్నాక బొమ్మ పక్కకి వాలిపోయి కనపడుద్ది, కొన్నవాళ్లు వెనక్కి తెస్తారు.

ఎక్కువగా జామ్ అయ్యేది రెండు కారణాలకి. రేకు మూతలు ఒకదాన్లో ఒకటి దూరి అతుక్కొని ఉంటాయి, చూడకుండా రెండు పెట్టేస్తారు. రెండోది పేపర్ మందం. 100 నుంచి 130 జీఎస్ఎమ్ (కాగితం బరువు, మందం చెప్పే లెక్క) ఆర్ట్ పేపర్ బాగుంటది, విజిటింగ్ కార్డు లాంటి మందపాటిది పెడితే అంచు మడత పడదు, బలంగా నొక్కితే హ్యాండిలే వంగుద్ది.

కటర్ సంగతి. 58 ఎమ్ఎమ్ బ్యాడ్జ్‌కి ప్రింటు 70 ఎమ్ఎమ్ ఉండాలి, ఆ మిగతా 12 ఎమ్ఎమ్ చుట్టూ వెనక్కి మడతలోకి పోతది. అందుకే ముఖ్యమైన బొమ్మ, అక్షరాలు మధ్యలో 50 ఎమ్ఎమ్ లోపలే ఉంచాలి, బ్యాక్‌గ్రౌండ్ రంగు మాత్రం 70 దాకా పారాలి. మెషిన్‌తో ఫ్రీగా ఇచ్చే తిప్పుడు కటర్ బ్లేడు తొందరగా మొద్దుబారుద్ది, అంచు పీచుపీచుగా వస్తది, ఆ పీచు మైలార్ బయటికి తెల్లగా కనపడుద్ది. లివర్ నొక్కితే ఒక్క దెబ్బలో కోసే పంచ్ కటర్ వేరే కొనుక్కుంటే ఆ బాధే ఉండదు. ఖరీదే, కానీ చెయ్యి నొప్పి కూడా తగ్గుద్ది.

ఇంట్లో ఏ4 ప్రింటర్‌లో చేద్దామంటే లెక్క కుదరదు. ఏ4 వెడల్పు 210 ఎమ్ఎమ్, మూడు డెబ్బైలు సరిగ్గా 210, ప్రింటర్ అంచులు వదిలేస్తది కాబట్టి రెండు వరసలే పడతాయి, షీట్‌కి ఎనిమిది. అదే డిజిటల్ ప్రింట్ షాపులో 12x18 అంగుళాల షీట్ మీద నాలుగు ఇంటూ ఆరు, 24 వస్తాయి. నెల్లూరు ట్రంకు రోడ్డు చుట్టుపక్కల సందుల్లో శుభలేఖలు వేసే షాపులుంటాయి కదా, వాటిల్లో లేజర్ ప్రింటు వేయించుకుంటే రంగు కారదు, ఇంక్‌జెట్ ప్రింటైతే చేతి చెమటకే చెదురుద్ది. పెళ్లిళ్ల ముహూర్తాలున్నప్పుడు మాత్రం మన రెండు షీట్లు ఎవరూ పట్టించుకోరు, ముందే వేయించి పెట్టుకోవాలి. నేను వేయించుకునే షాపులో అన్న ఓపికగా మొదట ఒక షీట్ టెస్ట్ తీసిస్తాడు. "స్క్రీన్‌లో మెరిసే గులాబీ కాగితం మీద రాదమ్మా, కొంచెం ముదురు పెట్టుకో" అని చెప్పింది ఆయనే, ఫైల్ సీఎమ్‌వైకేలోకి, అంటే ప్రింటు సిరా రంగుల్లోకి, మార్చి చూస్తే అది నిజమే. కొన్ని చోట్ల 24 బొమ్మల ఫైల్ ఇస్తే పేజీకి సరిపోయేట్టు సైజు తగ్గించి ప్రింటు తీసేస్తారు, 70 ఉండాల్సింది 66 అవుద్ది. స్కేలు తీసుకుపోయి కౌంటర్ మీదే కొలవండి, సిగ్గుపడాల్సిన పనిలేదు.

మన ఊరి గాలికి ఒక జాగ్రత్త కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫాన్లు, సముద్రం గాలి, రేకు మూతలు కవరు విప్పి పెడితే అంచున తుప్పు పడుద్ది, కాగితం కూడా అలలు తిరుగుద్ది. బిగుతు మూత డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు వేసి పెట్టుకోండి. మెషిన్ కడ్డీకి కుట్టు మిషన్ నూనె చుక్క వేస్తుండాలి, కానీ తుడవాలి, లేకపోతే ఆ నూనె బొమ్మ మీదకొస్తది.

అమ్మకం గురించి. మనకి చెన్నై దగ్గర, 2024 ఫిబ్రవరిలో అక్కడ కూడా కామిక్ కాన్ మొదలైంది కాబట్టి నెల్లూరోళ్లకి ఇప్పుడు అదే సులువు, పొద్దున రైలెక్కితే అయిపోద్ది. హైదరాబాద్‌కైతే సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం. బ్యాడ్జీలు ఊరికే సంచిలో పోసుకుంటే ఒకదాని పిన్ను ఇంకోదాని మొహం మీద గీతలు పెడుద్ది, మొహానికి మొహం, వీపుకి వీపు వచ్చేట్టు జతలుగా పేర్చి టిష్యూ చుట్టండి. హాల్లో జనం ఎక్కువయ్యే కొద్దీ నెట్ పనిచెయ్యదు, యూపీఐ డబ్బులు వచ్చాయో లేదో తెలీక అటు వాళ్లూ ఇటు మనమూ నిలబడిపోతాం, పది ఇరవై నోట్లు చిల్లర ఉంచుకోండి.

ఇంకో మాట, ఇది నేను గట్టిగా చెప్తా. నెట్‌లో దొరికిన వేరే ఆర్టిస్టు బొమ్మ డౌన్‌లోడ్ చేసి బ్యాడ్జ్ నొక్కి అమ్మొద్దు. మెషిన్ చేతిలో ఉంటే ఆ పని చానా సులువు, కానీ అది దొంగతనమే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ మీద హక్కు గీసినోళ్లు బతికున్నంత కాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటది. జపాన్ యానిమే కార్టూన్ల క్యారెక్టర్‌ని సొంతంగా గీసినా ఆ క్యారెక్టర్ వేరేవాళ్లదే అన్న సంగతి గుర్తుండాలి. జపాన్‌లో 1975లో కామికెట్ అనే కామిక్స్ మేళా మొదలైనప్పుడు వచ్చింది 32 గ్రూపులే, వాళ్లు టేబుళ్ల మీద పెట్టింది సొంతంగా వేసుకున్న పుస్తకాలు. మన టేబుల్ మీద కూడా మన చెయ్యి కనపడాలి కదా.

పైగా సొంత బొమ్మలు అమ్ముడుపోవనేది అబద్ధం. నా టేబుల్ మీద బాగా పోయేది ఒంగోలు గిత్త, మూపురం గుండ్రం అంచుకి ఆనేట్టు గీశా, కింద చిన్న అక్షరాల్లో "బ్రెజిల్‌లో నా పేరు నెలోర్" అని. ఒంగోలు జాతి అక్కడికి పోయి నెల్లూరు పేరుతో స్థిరపడిన సంగతి తెలీనోళ్లు ఆగి అడుగుతారు, అడిగినోళ్లలో చానామంది కొంటారు. నేలపట్టు పక్షుల కేంద్రం గూడబాతు (పెలికాన్), కారం దోశ, శ్రీహరికోట రాకెట్ కూడా పోతాయి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే మన జిల్లా పిల్లలు "అక్కా, ఏందబ్బయా అని రాసి ఒకటి చెయ్యవా" అని అడిగితే చేశా, అది ఇప్పుడు పర్మనెంట్ డిజైన్.

ఇక్కడ ఊళ్లో మాత్రం పిన్ను బ్యాడ్జ్ కంటే ఫ్రిజ్ మ్యాగ్నెట్ ఎక్కువ పోతది. అదే మెషిన్, అదే డై, వెనక మూత ఒక్కటి మ్యాగ్నెట్ ఉన్నది తెప్పించుకుంటే సరిపోద్ది. పెద్దవాళ్లు చొక్కాకి పెట్టుకోరు గానీ ఫ్రిజ్‌కి పెట్టుకుంటారు, మనవళ్ల ఫొటోతో చేసిమ్మని అడిగేవాళ్లు కూడా ఉన్నారు.

నేను ఇచ్చేది 4 స్టార్లు. ఒకటి తగ్గించింది విడిభాగాల కోసం. డైలో స్ప్రింగ్ బలహీనపడితే విడిగా దొరకడం కష్టం, అమ్మిన సెల్లర్ మెసేజ్‌కి జవాబివ్వలేదు, చివరికి ఊళ్లో లేత్ వర్క్‌షాపులో సరిపోయేది పెట్టించా. కొనేముందే స్పేర్ స్ప్రింగులూ 44 ఎమ్ఎమ్ డై విడిగా అమ్ముతారా అని అడగండి, అమ్మేవాళ్ల దగ్గరే తీసుకోండి, ఎందుకంటే బ్యాగులకి పెట్టుకునేవాళ్లు చిన్న సైజే అడుగుతున్నారు.