చేతికొచ్చే ఎలుక, చేతిని కరిచే ఎలుక

రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో, నక్కలను మచ్చిక చేసిన జన్యుశాస్త్రవేత్త బెల్యాయెవ్ సంస్థలోనే 1972లో ఎలుకల మీదా పని మొదలైంది. బయట పట్టి తెచ్చిన ఒకే గుంపును రెండు వంశాలుగా విడదీశారు. పరీక్ష ఒకటే: గ్లవ్ తొడిగిన చేతిని బోనులోకి పెట్టడం.

ఒక వంశంలో చెయ్యి చూసి బెదరనివాటినే జత కట్టించారు. తరాలు గడిచేసరికి ఎత్తుకున్నా ఊరుకునే ఎలుకలు పుట్టాయి. రెండో వంశంలో ఎగబడేవాటినే ఎంచారు. ఇవి చెయ్యి పెడితే చాలు, కీచుమంటూ మీదికి దూకి కరుస్తాయి. వీటి బోను శుభ్రం చేయడమంటే ఎంత టెన్షనో!

పెంపకంలో తేడా అనుకుంటాం కదా? జర్మనీలోని లైప్‌జిగ్‌లో కోపిష్టి వంశం పిల్లల్ని సాధు తల్లుల దగ్గర పెంచి చూశారు. బుద్ధి మారలేదు. సాధు ఎలుకల్లో కార్టికోస్టిరాన్ అనే ఒత్తిడి హార్మోన్ తక్కువ, దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులూ చిన్నవే.

ఇంట్లో పెంచేవాళ్ళ సంగతికొస్తే, ఎంత ముచ్చటైన రంగున్నా కరిచే ఎలుకను నేనైతే జత కట్టించను. ఈనిన తల్లి గూడు కాపాడుకోవడానికి కరిస్తే మాత్రం అది వేరే లెక్క. గూట్లో చెయ్యి పెట్టకుండా, గింజ చూపించి బయటికి రప్పించి, అప్పుడు దాని తీరు చూడాలి.