ఆస్ట్రేలియా వీసా ఫైల్ కన్సల్టెన్సీకి అప్పగించే ముందు ఒక్కసారి ఇది చదవండి

మా చెల్లి ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా రిఫ్యూజ్ అయింది. సబ్‌క్లాస్ 500. వీసా ఫీజు 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, మన డబ్బుల్లో లక్ష పైమాటే. అది తిరిగి రాదు. అమీర్‌పేటలో కన్సల్టెన్సీకి కట్టిన 45 వేలూ పోయాయి. వాళ్ల పేరు రాయను. పేరు చెబితే ఆ ఒక్కళ్ల దగ్గరికి వెళ్లడం మానేసి పక్క మెట్లెక్కుతారు, అక్కడా జరిగేది ఇదే.

చెల్లి బీ ఫార్మసీ చేసి, జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో రెండేళ్లు క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసింది. పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేయాలనుకుంది. వీళ్లేమో మేనేజ్‌మెంట్ కోర్సు పెడితే ఈజీగా వస్తుందన్నారు. పిల్లల్ని చేర్పిస్తే కాలేజీలు వీళ్లకు కమీషన్ ఇస్తాయని అప్పటికి నాకు తెలియదు. చెల్లి గొణిగింది. డబ్బు కట్టేది నేను కాబట్టి నేనే సరేనన్నాను.

అసలు దెబ్బ జీఎస్ దగ్గర తగిలింది. జీఎస్ (జెన్యూన్ స్టూడెంట్) అంటే మీరు నిజంగా చదువు కోసమే వెళ్తున్నారని చూపించే భాగం. 2024 మార్చి 23 నుంచి తాత్కాలికంగా ఉండటానికే వస్తున్నామని చూపించాల్సిన పాత జీటీఈ పోయి ఇది వచ్చింది. ఎందుకు వెళ్తున్నామో పేజీలకు పేజీలు చెప్పే ఎస్‌ఓపీ కాదు, ఫారంలోనే ప్రశ్నలుంటాయి. ఇంటి పరిస్థితి, ఉద్యోగం ఏమిటి, ఈ కోర్సు ఈ యూనివర్సిటీలోనే ఎందుకు, చదివాక ఏం ఉపయోగం, ఇలా. ఒక్కోదానికి జవాబు 150 పదాలు దాటకూడదు. రుజువు లేని ఊకదంపుడు మాటలకు పెద్దగా విలువ ఇవ్వమని వాళ్ల హోం అఫైర్స్ సైట్‌లోనే రాసుంది. మనవాళ్లు మాత్రం ఇంకా జీటీఈ కాలం నాటి ముక్కలే తిప్పి తిప్పి వాడుతున్నారు.

"సర్, టెన్షన్ పడకండి, అవి మా టీమ్ రాసేస్తుంది" అన్నారు. వీసాకు ఆన్‌లైన్‌లో అప్లై చేసే ఇమ్మిఅకౌంట్ కూడా వాళ్ల మెయిల్ ఐడీతోనే తెరిచారు. సబ్మిట్ చేసేముందు మాకు చూపించలేదు, మేం అడగలేదు. రిఫ్యూజల్ లెటర్ వచ్చాక గొడవపెట్టి ప్రింటు తీయించాను. మొదటి జవాబులో ఏముందో చూడండి: మా కుటుంబానికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయట, చెల్లి తిరిగొచ్చి ఎగుమతులు చూసుకుంటుందట! మాది సూర్యాపేట. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఎవరో గోదావరి జిల్లా కుర్రాడి ఫైల్ మీద మా పేర్లు అతికించేశారన్నమాట. కింద జతచేసింది మాత్రం నాన్న పెన్షన్ కాగితం. ఆఫీసర్ ఇది పట్టుకోకుండా ఎలా ఉంటారు? జవాబులకూ పత్రాలకూ పొంతన లేదనీ, ఫార్మసీ నుంచి ఈ కోర్సుకు ఎందుకు మారుతోందో చెప్పలేదనీ రాశారు.

ఇంత జరిగినా జీఎస్ మీదే ఆపేశారు, అదే అదృష్టం. తప్పుడు సమాచారం, దొంగ పత్రాలు అని 4020 క్లాజు పెడితే మూడేళ్లు వీసా రాదు. అదే ఆఫీసులో మా పక్క కుర్చీలో కూర్చున్న అబ్బాయికి "ఫండ్స్ మేం చూపిస్తాం, లక్షకు ఇంత" అని బేరం చెబుతుంటే నా చెవులతో విన్నాను. వద్దు బాబూ. లోన్ శాంక్షన్ లెటరైనా, ఎక్స్‌పీరియన్స్ లెటరైనా, నిజంగా ఉన్నదే పెట్టండి.

అకౌంట్ మీ మెయిల్‌తో మీరే తెరవండి. జవాబులు ఇంగ్లిష్‌లోనే ఉండాలి గానీ, గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు. చెల్లి ఈసారి తనే రాసుకుంటోంది. ల్యాబ్‌లో ఒక బ్యాచ్ మందులు టెస్ట్‌లో ఫెయిలైన రోజు నుంచి పబ్లిక్ హెల్త్ వైపు ఎలా మళ్లిందో చెప్పడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. 142 పదాలు. చదివితే మా చెల్లి మాట్లాడినట్టే ఉంది. కాలేజీ ఫీజులో 500 డాలర్లు మినహాయించుకుని మిగతాది వెనక్కి ఇచ్చారు, ఆ డబ్బుతోనే మళ్లీ అప్లై చేస్తున్నాం.

మొన్న ఆ కన్సల్టెన్సీ నుంచి ఫోన్. "సర్, ఈసారి కెనడా పెడదాం, పాత రిఫ్యూజల్ చెప్పక్కర్లేదు." కెనడా ఫారంలో ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అని సూటిగా అడుగుతారు. ఫోన్ పెట్టేసి నంబర్ బ్లాక్ చేశాను.