టేకు తలుపులకు వన్ కేనా టూ కేనా: సిరొంచల ఆరేండ్లు వాడినంక రాస్తున్న

మాది సిరొంచ. గోదావరి అవతల కాళేశ్వరం, ఇవతల మేము, జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర, ఇంట్ల తెలుగు, ఆఫీసుల మరాఠీ. ఆలపల్లి అడవి పక్కన ఉన్నోళ్లకు టేకు కొత్త కాదు, ఇల్లు కట్టేటోడు సిమెంటు కంటే ముందు కర్రకే బయానా ఇస్తడు. గానీ అంత మంచి కర్ర కొని దాని మీద ఏం పూయాల్నో మాత్రం చివరి వారంల ఆలోచిస్తరు, నేనూ అట్లనే చేసిన.

2019 ఫిబ్రవరిల మా గృహప్రవేశం. పీయూ అంటే పాలీయురెథేన్, కర్ర మీద పూసే పారదర్శకమైన పాలిష్, వన్ కే, టూ కే దాని రెండు రకాలు. ముందు తలుపు, కడప, బయటి కిటికీలకు వన్ కే పీయూ, బ్రష్‌తోని, నేనూ మా బావ కలిసి వేసినం. డైనింగ్ టేబుల్, రెండు మంచాలు, లోపలి తలుపులకు టూ కే పీయూ, స్ప్రే గన్నుతోని, చంద్రపూర్ నుంచి పిలిచిన పాలిష్ మేస్త్రీ వేసిండు. వెనక తలుపు పడమటి దిక్కు ఉంటది, దానికి గూడ టూ కేనే వేయించిన, అది చేయకుండ ఉండాల్సింది, కింద చెప్త. కంపెనీల పేర్లు రాస్తలేను, ఎందుకంటే నాకైన నష్టాలల్ల సగం మా చేతులతోని అయినవే.

తెలియనోళ్లకు రెండు ముక్కలు. వన్ కే అంటే డబ్బా మూత తీసి కలియబెట్టి పూసుడే. నేను వాడింది నూనె కలిసిన పీయూ, గాలిల ఆక్సిజన్ పట్టుకొని మెల్లగ గట్టిపడతది. నీళ్లతోని చేసే వన్ కే వేరే ఉంటది, అది నేను వాడలే, దాని గురించి అడగకుండ్రి. టూ కే అంటే బేస్ ఒక డబ్బా, హార్డ్నర్ ఒక డబ్బా. హార్డ్నర్ల ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటది, అది బేస్‌తోని కలిసిందంటే రియాక్షన్ మొదలైనట్టే, ఇగ ఆపేది లేదు. అందుకే మాది బ్రష్ కడిగితే పని అయిపోయింది, మేస్త్రీది మాత్రం ఒకరోజు మగ్గుల మిగిలిన మందు తెల్లారేసరికి రాయి లెక్క అయి బ్రష్ నడుమ నిలబడి ఉండె, మగ్గు బోర్లిస్తే బ్రష్‌తోని సహా ఒక్క గడ్డ లెక్క ఊడివచ్చింది, మా పిల్లగాడు దాన్ని చానా దినాలు ఆడుకున్నడు.

ముందు వన్ కే గోస చెప్త. మొదటి కోటు వేసి మూడు రోజులైనా కడప మీద వేలు పెడితే అతుక్కునుడే. డబ్బా పాతదనుకున్నం, దుకాణపాయనతోని కొట్లాడినం గూడ, పాపం ఆయన తప్పేం లేదు. టేకుల సహజంగ నూనె ఉంటది కదా, ఆ నూనెల ఉండే పదార్థాలే ఇసుంటి పీయూ ఎండకుండ అడ్డం పడతయట, అదే నూనె చెద పట్టకుండ కాపాడేది, అదే ఇక్కడ మా కొంప ముంచింది. అంతా గీకి, థిన్నర్ ముంచిన బట్టతోని కర్రను గట్టిగ తుడిచి, బట్టకు పసుపు రంగు అంటుడు తగ్గేదాక తుడిచి, గంట లోపలనే పల్చటి మొదటి కోటు వేసినం. పొద్దుగాలకు ఎండింది. ఈ ఒక్క ముక్క ఎవరన్న ముందే చెప్పి ఉంటే నాకు నాలుగు రోజులు మిగిలేవి. ఇంకోటి, ఆ నూనె పీయూ తుడిచిన బట్టలు కుప్ప వేసి మూలకు పెట్టొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటయి, విప్పి తీగ మీద ఆరేయాలె లేకుంటే నీళ్లల్ల వేయాలె.

టూ కే గోస ఇంకా పెద్దది. మేస్త్రీ చెయ్యి మంచిదే, సీలర్ అంటే కింది పొర రెండు కోట్లు, మధ్యల 320 నంబర్ ఎమరీ పేపర్, టాప్ కోటుకు ముందు 400, ఓపిక ఉన్న మనిషి. రెండో మంచం నాటికి డబ్బల వచ్చిన పీయూ థిన్నర్ అయిపోయింది. ఇక్కడ దొరకదు, మంచిర్యాల పోవాలె. "భావూ (మరాఠీల అన్నా), థిన్నర్ అంటే థిన్నరే, దాంట్ల ఏముంటది" అని మేస్త్రీ మామూలు లక్కర్ థిన్నర్ పోసిండు. చూస్తే అద్దం లెక్క మెరిసింది, నేనూ మురిసిన. పది రోజులకు మంచం తలకాడ పలక మీద మా ఆవిడ చెయ్యి పెట్టి లేస్తే అయిదు వేళ్లు అచ్చు పడ్డయి. తర్వాత తెలిసింది ఏందంటే లక్కర్ థిన్నర్లల్ల ఆల్కహాల్ కలుపుతరు, హార్డ్నర్ పోయి బేస్‌ను పట్టుకోవాల్సింది ఆ ఆల్కహాల్‌ను పట్టుకుంటది, ఇగ ఫిల్మ్ ఎన్నటికీ గట్టిపడదు. ఎండల పెడితే అయితదేమో అని పెట్టి చూసినం, కాలే. గీకి మళ్ల చేయించిన, కూలి సగం ఆయన ఇడిచిపెట్టిండు, మనిషి మంచోడు.

మా దగ్గర ఎండకాలం 45, 46 డిగ్రీలు మామూలే. డబ్బా మీద కలిపినంక రెండు మూడు గంటలు పనికొస్తదని రాసి ఉంటది, అది 25, 30 డిగ్రీల లెక్క, మా మే నెల లెక్క కాదు. మిట్టమధ్యాహ్నం గన్ను కొడితే థిన్నర్ గాలిలనే ఆరిపోయి కర్ర మీద గరుకు గరుకుగ పడతది, పైంగ గన్ను లోపల చిక్కబడుడు షురూ. పొద్దుగాల ఆరు నుంచి తొమ్మిది లోపల, కొంచెం కొంచెం కలుపుకొని, నిదానంగ ఆరే థిన్నర్‌తోని చేస్తేనే సాపుగ వస్తది. వానకాలం దీనికి ఉల్టా. హార్డ్నర్‌కు తేమ పడదు, నీళ్లు తగిలితే గ్యాస్ పుడతది, అదే సన్న సన్న బుడగలై టాప్ కోటు మీద సూది పొడిచినట్టు కనవడతది. జూలైల ఒక బీరువా తలుపు అట్లనే పోయింది. మూత సరిగ్గ పెట్టని హార్డ్నర్ డబ్బా నెలకు జున్ను లెక్క అయితది, దాన్ని కలిపి వాడుదామని చూడొద్దు. వన్ కే డబ్బా గూడ మీద మీగడ కడతది గానీ మీగడ తీసేసి గుడ్డల వడగడితే కింద మందు మంచిగనే ఉంటది, నాది రెండేండ్ల కిందటి డబ్బా మొన్న గూడ పని చేసింది.

ఇగ ఆరేండ్లకు ఏం మిగిలిందో చెప్త.

డైనింగ్ టేబుల్, టూ కే: దీనికి నేను సలాం కొడత. వేడి చారు గిన్నె దించినం, చాయ్ కప్పులు పెట్టినం, కరోనా టైంల శానిటైజర్ సీసా ఏడాది అక్కడనే ఉండె, ఒక్క తెల్ల రింగు లేదు. అదే మా నాయిన కాలం నాటి స్పిరిట్ పాలిష్ బల్ల మీద ఆ శానిటైజర్ ఒక్కసారి ఒలికితే పొర లేచిపోయింది. పసుపు మరక మాత్రం పడ్డది, తుడిస్తే పోలే, కిటికీ పక్కకు జరిపి ఎండ తగిలేటట్టు వారం పెడితే అదే వెలిసిపోయింది, పసుపు ఎండకు నిలవదు. ఒకే ఒక బాధ, పిల్లగాడు కంపాస్ ముల్లుతోని గీసిన గీత. చిన్న గీతే కదా అని దగ్గుమందు మూత మిల్లీలీటర్ల గీతలు చూసి బేస్ 10, హార్డ్నర్ 5 కలిపి, నేనే బ్రష్‌తోని అద్దిన. గీత పోయింది గానీ దాని చుట్టు ఉంగరం లెక్క అంచు కనవడతది, ఎంత రుద్దినా పోలే. పాత టూ కే పొరను కొత్త పొర కరిగించుకోలేదు, పైన కూసుంటది అంతే. మంచిగ కావాలంటే మొత్తం పలకను ఎమరీ కొట్టి ఒక అంచు నుంచి ఇంకో అంచు దాక మళ్ల గన్ను కొట్టాలె.

కడప, వన్ కే: మా అమ్మ ప్రతి శుక్రవారం కడిగి పసుపు రాస్తది, బొట్లు పెడతది, పండుగకు దీపం పెట్టి నూనె ఒలకబోస్తది. రోజుకు యాభై కాళ్లు. ఏ పొర పూసినా ఇక్కడ బతకదు, రెండేండ్లకు నడుమ భాగం మెరుపు పోయి కర్ర కనవడుడు షురూ. కానీ పోయిన తీరు మంచిది, పెచ్చులు లేవదు, అరిగిపోతది. 2021ల, 2023ల నేనే ఆదివారం పొద్దుగాల 220 ఎమరీ కొట్టి, తుడిచి, రెండు కోట్లు వేసిన, పాతది ఎక్కడ ఆగి కొత్తది ఎక్కడ మొదలైందో ఇప్పుడు చూపియ్యమంటే నాకే చేతకాదు. రెండు రోజులు కడప మీంచి దుంకి పోవుడు అమ్మకు కష్టమైంది, పక్క తలుపు వాడినం.

వెనక తలుపు, టూ కే, పడమటి ఎండ: మూడో ఏడు కింది పలకల దగ్గర తెల్లగ మచ్చలు, నాలుగో ఏడు గోరు పెట్టి లాగితే ప్లాస్టిక్ కాయితం లెక్క లేచి వచ్చింది. పొర గట్టిదే, చినగలే గూడ, కానీ ఎండల ఉండే అల్ట్రావయొలెట్ పారదర్శకమైన పొర లోపలికి దూరి కర్ర నారలను అంటిపెట్టి ఉంచే లిగ్నిన్‌ను తినేస్తది, ఇగ పొర పట్టుకునేదానికి కింద ఏం మిగలదు. దానికి తోడు ఆ హార్డ్నర్ల ఉన్న ఐసోసయనేట్ టీడీఐ రకం, ఎండకు పసుపు తిరిగింది, బయటికి కొట్టాలంటే హెచ్‌డీఐ రకం అడగాలె, రేటు ఎక్కువ. ఇప్పుడు మొత్తం గీకి దానికి గూడ వన్ కే బయటి రకమే వేసిన.

2022 జూలై వరద సంగతి గూడ చెప్పాలె. మా ఇల్లు ఎత్తుల ఉంది, బతికినం. నది ఒడ్డు ఊర్ల మా అత్తగారింట్ల మోకాళ్ల నీళ్లు రెండు రోజులు నిలిచినయి. వాళ్లింట్ల లోపలి తలుపులు టూ కే, వంటింటి తలుపు వన్ కే, రెండు రకాలవీ పోయినయి, ఒక్క తలుపు తప్ప. ఆ ఒక్క తలుపుకు మా బావ బిగించే ముందు కింది అంచుకు గూడ మూడు కోట్లు వేసి ఉండె. మిగిలినవి ఎదురుంగ మెరుస్తున్నా కింది అంచు పచ్చి కర్ర, నీళ్లు అక్కడి నుంచి పైకి ఎక్కి లోపలి నుంచే పొరను తోసేసినయి. మేస్త్రీ తలుపు బిగించినంక పాలిష్ చేస్తనంటే ఒప్పుకోకుండ్రి, దింపి ఆరు దిక్కుల వేయమనుండ్రి.

రేటు చెప్పాలంటే అప్పట్ల మాకు వన్ కే సామాను చదరపు అడుగుకు 30 రూపాయల లోపల పడ్డది, చాకిరీ మాదే. టూ కే కూలితోని కలిపి 140 పడ్డది. ఇప్పుడు ఎంతుందో మీ దగ్గర అడుగుండ్రి.

మాస్కు సంగతి ఒకటి. ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చెడ్డది, ఒకసారి ఒంటికి పడకుండ అయిందంటే తర్వాత కొంచెం వాసనకే ఆయాసం వస్తది. మా మేస్త్రీ మూతికి తువ్వాల కట్టుకొని గన్ను కొట్టిండు, దుమ్ము మాస్కు గూడ దీనికి పనికిరాదు, కనీసం డబ్బల లెక్క కార్ట్రిడ్జ్ ఉండే మాస్కు కావాలె. రెండో మంచం మళ్ల చేసినప్పుడు నేనే తెప్పించి ఇచ్చిన, ఉక్కపోస్తది భావూ అని అరగంటకు తీసేసిండు.

ఇప్పుడు మళ్ల ఇల్లు కడితే టేబుల్, మంచాలు, వంటింటి అరలు టూ కేనే, తెలిసిన చెయ్యి దొరికితేనే, అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మధ్యల. ఎండా వానా తగిలేటివి, కాళ్ల కింద ఉండేటివి అన్నీ వన్ కే, అర లీటర్ డబ్బా ఇంట్ల ఎప్పుడూ ఉండాలె. కడప నడుమ మళ్ల అరిగింది, దసరా లోపల వేయమని అమ్మ గుర్తు చేస్తనే ఉంది, ఎమరీ పేపర్ తెచ్చి పెట్టిన, ఆదివారం వాన పడకుంటే కూసుంట.