నెల్లూరు ఉక్కలో పన్నెండేళ్లు: చేతిముడి ఉన్ని తివాచీ

వెడల్పు 6 అడుగులు, పొడవు 9. నూలు పడుగు (నిలువు దారాలు), ఉన్ని ముడులు, పర్షియన్ నమూనా, నేత ఉత్తరప్రదేశ్‌లోని భదోహీది. పన్నెండేళ్లుగా హాల్లో రోజూ తొక్కుతున్న తివాచీ ఇది. రంగు నిలిచింది, ఉన్ని పెద్దగా అణగలేదు, డబ్బుకు న్యాయం జరిగింది. అయితే నెల్లూరులో తివాచీని పాడుచేసేది దుమ్ముకంటే కింద చేరే తడి. కొనడమైనా వాడటమైనా దాన్ని దృష్టిలో పెట్టుకునే చేయాలి.

కొట్లో ముందుగా తివాచీని బోర్లా తిప్పండి. చేతిముడిదైతే ముందున్న పువ్వు వెనకా అంతే స్పష్టంగా కనిపిస్తుంది, ముడులు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. చివరి కుచ్చులు విడిగా కుట్టినవి కావు, పడుగు దారాలే బయటికి వచ్చినవి. వెనక గుడ్డ అంటించి ఉంటే అది టఫ్టెడ్ రకం (ముడులు వేయకుండా గుడ్డలోకి పోగులు గుచ్చినది), దాన్ని పట్టి ఉంచేది రబ్బరు జిగురు. మన వేడికీ ఉక్కకూ ఆ జిగురు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలుతుంది, వాసన కూడా వేస్తుంది. చవకని తీసుకోవద్దు.

వెనకవైపు స్కేలు పెట్టి అంగుళంలో అడ్డంగా ఎన్ని ముడులు, నిలువుగా ఎన్ని ముడులు ఉన్నాయో లెక్కపెట్టి గుణించండి. 10కి 10 ఉంటే చదరపు అంగుళానికి 100. ఈ కొలత తివాచీకి ఆ లెక్కన 7,77,600 ముడులు, ఒక్కొక్కటీ చేత్తో వేసినవే. ఇంటి వాడకానికి అది చాలు. ఇంకా సన్నని నేతకు ధర పెరుగుతుంది కానీ మన్నిక అంతే పెరగదు, ఉన్ని బాగుండటమే ముఖ్యం. రాలిన నూగు నాలుగు పోగులు కాల్చి చూడండి: ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడి. పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. ‘సిల్క్’ అని చూపించినదానికి కాగితం కాలిన వాసన వస్తే అది విస్కోస్ (కృత్రిమ పట్టు), నీటి చుక్క పడ్డచోటల్లా మచ్చ మిగులుతుంది. తడిపిన తెల్లగుడ్డతో ఎరుపునీ నీలాన్నీ గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే వదిలేయండి.

తివాచీ ముదురు నీలం నేపథ్యంలో అడ్డంగా ఒక లేత చార కనిపిస్తే లోపం అనుకోకండి. ఉన్నికి విడతలవారీగా రంగు అద్దడం వల్ల వచ్చే ఛాయాభేదం అది, దాన్ని అబ్రష్ అంటారు. హెరాతీ అనే పర్షియన్ నమూనాను దగ్గరగా చూడండి: మధ్యలో డైమండు గడి, అందులో పువ్వు, చుట్టూ వంగిన నాలుగు ఆకులు. ఇరాన్‌లో దీన్ని మాహీ అంటారు, అంటే చేప. మన చేపల ఊళ్లో అది పరుచుకుంటే ఇంకా ముచ్చటగా ఉంటుంది! నూగును ఒకవైపు నిమిరితే మెత్తగా, ఎదురుగా నిమిరితే గరుకుగా తగులుతుంది. ఒక చివర నుంచి లేతగా, మరో చివర నుంచి ముదురుగా కనిపించేది అందుకే. పరిచే ముందు రెండు వైపుల నుంచీ చూసుకోండి.

ఇక తడి సంగతి. తడిగుడ్డ పెట్టేటప్పుడు అంచు పక్కన పారిన నీళ్లు కిందికి చేరతాయి. పైన ఉన్ని పొడిగానే ఉంటుంది, కింద నూలు పడుగు నాని బూజు పడుతుంది. కొన్నాళ్లకు మడిస్తే పటపటమని విరుగుతుంది, దాన్ని బాగుచేయడం కష్టం. తివాచీ చుట్టిపెట్టి, నేల తుడిచి, ఫ్యాన్ వేసి పూర్తిగా ఆరాకే పరవాలి. కింద ఫెల్ట్ (అదిమి చేసిన మందపాటి గుడ్డ) వేయండి, నాలుగు వైపులా అంగుళం తక్కువగా. రబ్బరు, పీవీసీ షీట్లు టైల్సుకు అంటుకుని మరకలు పెడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో వారానికోసారి ఎత్తి వెనకవైపు చేత్తో తడిమి చూడాలి. ముసురు పట్టిన రోజుల్లో చుట్టి, పాత నూలు చీరలో కట్టి ఎత్తుమీద పెట్టడం మంచిది. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపలి చెమ్మ బయటికి పోదు. సంక్రాంతి దాటాక వెనకవైపుకు పొద్దుటి ఎండ గంటసేపు చాలు. రోహిణి కార్తె ఎండలో మాత్రం వేయకండి.

టీ ఒలికితే రుద్దకుండా తెల్ల నూలుగుడ్డతో అంచుల నుంచి మధ్యకు అద్దండి, తర్వాత చన్నీళ్లతో. బట్టల సబ్బుపొడి వద్దు: అందులోని క్షారం, ఎంజైములు ఉన్నినే తింటాయి. చేపల పులుసు పడితే పసుపు, నూనె రెండూ పట్టుకుంటాయి, అందుకే భోజనాల బల్ల కింద ఇలాంటిది వేయకపోవడమే మేలు. సోఫా కింద చీకట్లో ఉన్నిపురుగు చేరుతుంది. నెలకోసారి సోఫా జరిపి రెండు వైపులా వాక్యూమ్ చేయండి, తిరిగే బ్రష్ తీసేసి. ఆరు నెలలకోసారి తివాచీ తలవైపు చివర అటు నుంచి ఇటు వచ్చేలా తిప్పి పరవండి.

ఈ తివాచీలో అరిగింది గుమ్మం వైపు కుచ్చులే. అవి పోతే చివరి ముడుల వరుసలు జారిపోవడం మొదలవుతుంది. మందపాటి నూలు దారంతో, రెండు మూడు పేక (అడ్డదారాల) వరుసల్ని పట్టుకుంటూ అంచు పొడవునా చుట్టుకుట్టు వేస్తే అక్కడితో ఆగింది. పై నుంచి కొత్త జాలరు కుట్టించి దాచడం వల్ల ప్రయోజనం లేదు, దాని కింద ముడులు జారుతూనే ఉంటాయి.