స్ప్రింగ్ బ్యాచ్‌ను చాలాకాలం వాడిన తర్వాత: మల్టీథ్రెడ్ స్టెప్ కన్నా పార్టిషనింగే మేలు

జీతాలు, కొనుగోళ్లు, సరుకు నిల్వలు, ఖాతాదారుల వివరాలు తలా ఒక అప్లికేషన్‌లో ఉండే సంస్థలో, వాటన్నిటి నుంచీ రాత్రిపూట సమాచారాన్ని తీసి ఒకచోట చేర్చే పనికి స్ప్రింగ్ బ్యాచ్‌ను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. 2008లో తొలి వెర్షన్ వెలువడిన ఈ జావా ఫ్రేమ్‌వర్క్‌ను నేను ఇంతకాలం అట్టిపెట్టుకోవడానికి కారణం ఒకటే. రికార్డులను చంక్‌లుగా (చిన్న గుంపులుగా) చదివి, ఒక్కో చంక్‌ను ఒక్కో ట్రాన్సాక్షన్‌లో (మొత్తం నమోదు కావడమో, ఏదీ కాకపోవడమో జరిగే డేటాబేస్ లావాదేవీలో) రాస్తూ, పని ఎంతవరకు వచ్చిందో తన సొంత టేబుళ్లలో నమోదు చేసుకుంటుంది కనుక, మధ్యలో జాబ్ కూలిపోయినా ఆగిన చోటి నుంచే మళ్లీ నడిపించవచ్చు.

చిక్కంతా మల్టీథ్రెడింగ్ దగ్గరే, అంటే పనిని ఒకేసారి అనేక థ్రెడ్లలో (సమాంతర పనిధారల్లో) నడిపే దగ్గరే వస్తుంది. 5.x వెర్షన్లలో స్టెప్‌కు (జాబ్‌లోని ఒక దశకు) ఒక టాస్క్ ఎగ్జిక్యూటర్‌ను (థ్రెడ్లకు పని పంచే భాగాన్ని) తగిలిస్తే చంక్‌లు అనేక థ్రెడ్లలో నడుస్తాయి గానీ, ఎంతవరకు చదివామన్న లెక్క ఇక నమ్మదగినది కాదు కాబట్టి, రీడర్ (రికార్డులను చదివే భాగం) తన స్థితిని దాచుకునే సౌకర్యాన్ని ఆపేయాల్సి వస్తుంది. ఏ గుణం కోసం దీన్ని ఎంచుకున్నామో దాన్నే వదులుకున్నట్టు. పైగా డేటాబేస్ నుంచి రికార్డులను ఒక్కొక్కటిగా అందుకునే జేడీబీసీ కర్సర్ రీడర్ థ్రెడ్-సేఫ్ కాదు, అంటే అనేక థ్రెడ్లు ఒకేసారి వాడటానికి పనికిరాదు. ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే చదవనిచ్చే సింక్రనైజ్డ్ రీడర్‌లో దాన్ని చుట్టవచ్చు, కానీ అప్పుడు చదవడం మళ్లీ వంతులవారీగానే సాగుతుంది.

అందుకే నా ఓటు పార్టిషనింగ్‌కే. ఐడీల శ్రేణిని ముక్కలు చేసి ఒక్కోదాన్ని ఒక్కో వర్కర్ స్టెప్‌కు అప్పగిస్తే, ప్రతి వర్కర్‌కూ సొంత రీడర్, సొంత నమోదు ఉంటాయి. తిరిగి నడిపినప్పుడు పూర్తికాని ముక్కలే నడుస్తాయి. అయితే పాత రికార్డులను ఆర్కైవ్‌కు తరలిస్తూ ఉండే టేబుల్‌లో కనిష్ఠ, గరిష్ఠ ఐడీల మధ్య దూరాన్ని సమానంగా పంచితే, మొదటి ముక్కలు చిటికెలో ముగిసి, బరువంతా చివరివాటి మీద పడుతుంది. 8 థ్రెడ్లకు 8 ముక్కలు కాక 40 చేస్తే, ముందుగా ఖాళీ అయిన థ్రెడ్ తర్వాతి ముక్కను అందుకుంటుంది.

కర్సర్ రీడర్ డిఫాల్ట్‌గా ట్రాన్సాక్షన్ కనెక్షన్‌ను పంచుకోదు, తనకంటూ విడిగా ఒకటి తెరుచుకుంటుంది. డేటాబేస్ కనెక్షన్లను తెరిచి ఉంచి పంచిపెట్టే హికారీ పూల్ డిఫాల్ట్ పరిమితి 10. డేటాసోర్స్ (కనెక్షన్లు అందించే మూలం) ఒక్కటే అయి, పది వర్కర్లు ఒకేసారి మొదలైతే, పది కనెక్షన్లూ కర్సర్లకే పోయి, చంక్ ట్రాన్సాక్షన్లకు ఒక్కటీ మిగలక, 30 సెకన్ల తర్వాత టైమౌట్ ఎర్రర్లు వరుస కడతాయి. ఆ సమయంలో డేటాబేస్ సర్వర్ మాత్రం తీరిగ్గా కూర్చుని ఉంటుంది, అందుకే కారణం ఒకపట్టాన దొరకదు.

స్ప్రింగ్ బ్యాచ్ 5.1 వెర్షన్ నుంచి జావా 21లోని తేలికపాటి వర్చువల్ థ్రెడ్లనూ వాడుకోవచ్చు. రెస్ట్ ఏపీఐని (వెబ్ ద్వారా మరో అప్లికేషన్‌ను అడిగే మార్గాన్ని) పిలిచి ఎదురుచూసే స్టెప్‌లకు అవి బాగా సరిపోతాయి, కాకపోతే పరిమితి పెట్టకపోతే అవతలి అప్లికేషన్ 429 (అభ్యర్థనలు మరీ ఎక్కువయ్యాయనే) జవాబులు పంపడం మొదలుపెడుతుంది.

ఒక్క టేబుల్‌ను రోజుకోసారి ఫైల్‌గా తీసే పనికైతే స్ప్రింగ్ బ్యాచ్‌ను సిఫారసు చేయను. దాని నమోదు టేబుళ్లు వాటంతట అవి ఖాళీ కావు, ఆ శుభ్రతకూ మనమే మరో జాబ్ రాసుకోవాలి.