జపనీస్ కోసం అంకి: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. ఉద్యోగం చేసుకుంటూ, టీచర్ లేకుండా, ముప్పై దాటిన వయసులో జపనీస్ నేర్చుకోవాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పే పేరు అంకి అనే ఫ్లాష్ కార్డుల యాప్. కాకపోతే అందరూ వాడే పద్ధతిలో కాదు, కార్డు వెనక ఇంగ్లీషు తీసేసి తెలుగు పెట్టుకుని వాడమంటాను. ఈ రెండో ముక్క చెప్పినవాళ్ళు నాకు ఎక్కడా తగల్లేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను శ్రీసిటీలో ఒక జపాన్ కంపెనీ ప్లాంట్‌లో క్వాలిటీ సెక్షన్‌లో పని చేస్తాను. శ్రీసిటీ అంటే తిరుపతి జిల్లాలో తడ దగ్గర, తమిళనాడు సరిహద్దుని ఆనుకుని ఉన్న పారిశ్రామిక వాడ. ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు అక్కడ చాలానే ఉన్నాయి. సూళ్ళూరుపేట నుంచి కంపెనీ బస్సులో వెళ్ళొస్తుంటాను. కైజెన్, గెంబా, పొకయొకె లాంటి జపనీస్ మాటలు మా దగ్గర హెల్పర్ నుంచి మేనేజర్ దాకా అందరి నోట్లోనూ ఆడుతుంటాయి, 5ఎస్ (పని చోటుని శుభ్రంగా, వరసగా ఉంచే పద్ధతి) బోర్డు మీద సేరి, సేతొన్, సేసో, సేకెత్సు, షిత్సుకె అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. అవి వచ్చినంత మాత్రాన డ్రాయింగ్ మీద జపనీస్‌లో ఉన్న నోటు అర్థం కాదు. డిఫెక్ట్ రిపోర్టు వస్తే ట్రాన్స్‌లేటర్ ఖాళీ అయ్యేదాకా కూర్చోవాలి, అప్పటికి లైన్‌లో ఇంకో లాట్ వెళ్ళిపోయి ఉంటుంది. నాకు భాష కావలసింది అందుకు.

అంకి ఏం చేస్తుందో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు, అంతే, చిన్నప్పటి ఫ్లాష్ కార్డులే. తేడా ఏంటంటే ఏ కార్డు ఏ రోజు చూపించాలో అది లెక్క కడుతుంది. గుర్తుందని నొక్కితే మళ్ళీ కొన్ని రోజుల తర్వాత, అప్పుడూ గుర్తుంటే వారాల తర్వాత, ఆ తర్వాత నెలలకి చూపిస్తుంది, మర్చిపోతే మొదటికి తెస్తుంది. ఈ లెక్కకి మూలం 1987లో పోలండ్‌కి చెందిన పియోటర్ వోజ్నియాక్ సూపర్‌మెమో అనే ప్రోగ్రామ్ కోసం రాసిన ఎస్ఎమ్-2 అనే పద్ధతి. అంకిని డేమియన్ ఎల్మ్స్ 2006లో బయటికి తెచ్చాడు, ఆయన అప్పుడు నేర్చుకుంటున్నదీ జపనీసే. అందుకే కావచ్చు, ఈ భాషకి దొరికినన్ని రెడీమేడ్ డెక్‌లు (కార్డుల కట్టలు), యాడ్-ఆన్‌లు మరో భాషకి దొరకడం అరుదు. 2023 చివర్లో వచ్చిన 23.10 వెర్షన్ నుంచి ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త లెక్క కూడా అందులోనే ఇచ్చారు. అది మన మతిమరుపుని మన రికార్డు నుంచే అంచనా వేస్తుంది, దాన్ని ఆన్ చేశాక నాకు రోజూ వచ్చే రివ్యూలు, అంటే మళ్ళీ చూడాల్సిన పాత కార్డులు, బాగా తగ్గాయి, గుర్తుండేది మాత్రం తగ్గలేదు. డెక్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, తప్పకుండా ఆన్ చేసుకోండి.

ఇక అసలు విషయం.

దొరికే డెక్‌లు దాదాపు అన్నీ ఇంగ్లీషు వాళ్ళ కోసం చేసినవి. అందులో తప్పేమీ లేదు, కానీ మనం జపనీస్ వాక్యాన్ని చూసి, దాన్ని తలకిందులు చేసి ఇంగ్లీషులోకి మార్చుకుని, ఆ ఇంగ్లీషుని మళ్ళీ తిప్పి మన బుర్రలోకి ఎక్కించుకుంటాం. ఈ తిప్పుడు మనకి అవసరమే లేదు. ఉదాహరణకి "కినో వతషి గ కత్త హొన్" అంటే "నిన్న నేను కొన్న పుస్తకం". మాటకి మాట అదే వరస. ఇంగ్లీషులో చెప్పాలంటే పుస్తకాన్ని ముందుకి లాగి, మధ్యలో ఒక "విచ్" పెట్టి, నిన్నని చివరికి తోయాలి. ఇంగ్లీషు పాఠాల్లో దీనికి ఒక అధ్యాయమే కేటాయిస్తారు, తెలుగు పిల్లాడికి అయితే ఆ ఒక్క వాక్యం చూపిస్తే చాలు.

ఇలాంటివి ఒకటి రెండు కాదు. క్రియ చివర రావడం, విభక్తి ప్రత్యయాలు నామవాచకం తర్వాత అతుక్కోవడం సరే, అవి అందరూ చెప్పేవే. నాకు నిజంగా ఆనందం వేసింది ఇంకొంచెం లోపలికి వెళ్ళాక. "వస్తానన్నాడు" అనడానికి వాళ్ళు "కురు తొ ఇత్త" అంటారు, మన "అని" చేసే పనే అక్కడ "తొ" చేస్తుంది. "వెళ్ళి, కొని, వచ్చాను" అని మనం ఎలా గొలుసు కడతామో వాళ్ళ తె-రూపం (క్రియ చివర "తె" లేదా "దె" వచ్చే రూపం) సరిగ్గా అలాగే కడుతుంది, పుస్తకాలన్నీ భయపెట్టే తె-రూపం మనకి అర్థం పరంగా కొత్తదే కాదు, ఏ క్రియకి ఏ మార్పు వస్తుందో గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. ఇంకా, "తిని చూస్తాను" అంటే వాళ్ళకీ "తబెతె మిమసు"యే, అక్కడా తినడం పక్కన చూడడమే వచ్చి రుచి చూడడమవుతుంది. మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు, ముగ్గురు అని వేరే మాటలు వాడడం కూడా మనకి అలవాటే కాబట్టి "హితొరి, ఫుతరి" విని కంగారు పడక్కర్లేదు. అయితే అక్కడితో ఆగరు వాళ్ళు, పొడుగు వస్తువులకి ఒక లెక్క, పల్చటి వాటికి ఒక లెక్క, యంత్రాలకి ఒక లెక్క ఉంటాయి, వాటికి మాత్రం కార్డులే దిక్కు.

(ఇంత పోలిక ఉంది కదా, రెండూ ఒకే కుటుంబమా అని అడిగేవాళ్ళుంటారు. జపాన్‌లో ఓనో సుసుము అనే పండితుడు తమిళానికీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని చాలా ఏళ్ళు వాదించాడు, భాషా శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. మనకి చుట్టరికంతో పని లేదు, వాక్యం కుదిరితే చాలు.)

కాబట్టి నేను చేసేది ఇది. రెడీమేడ్ డెక్ నుంచి ఆడియో, జపనీస్ వాక్యం మాత్రం ఉంచుకుంటాను. వెనక వైపు ఇంగ్లీషు చెరిపేసి, ఆ వాక్యాన్ని మా ఇంట్లో మాట్లాడే తెలుగులో నా చేత్తో టైపు చేస్తాను. టైమ్ పడుతుంది, నిజమే. కానీ ఆ టైపు చేసేటప్పుడే సగం నేర్చుకోవడం అయిపోతుంది, ఎందుకంటే నామవాచకం తర్వాత అతికే ప్రత్యయాల్లో "వ" పెట్టాడా "గ" పెట్టాడా అని చూడకుండా తెలుగు వాక్యం రాయలేం. ఆ "వ", "గ" తేడాలో తెలుగు పెద్దగా సాయం చేయదు, అది ఒప్పుకోవాలి. అలాగే మనకి వచ్చాను, వచ్చాడు, వచ్చింది అని క్రియే ఎవరో చెప్పేస్తుంది, జపనీస్‌లో క్రియకి ఆ తోక ఉండదు, ఎవరి గురించో సందర్భాన్ని బట్టి పట్టుకోవాలి. కార్డు మీద విడి వాక్యం ఉంటే ఇది తేలదు, అందుకని ముందు వాక్యం కూడా ఒకటి జోడిస్తాను.

రోమన్ లిపి జోలికి అసలు వెళ్ళొద్దు. హిరగానా 46, కటకానా 46 అక్షరాలు, అవి వచ్చేదాకా ఉచ్చారణ రాసుకోవలసి వస్తే తెలుగులో రాసుకోండి. మనకి హ్రస్వ ఎకారం, హ్రస్వ ఒకారం ఉన్నాయి, దీర్ఘాలు ఉన్నాయి, ద్విత్వాలు ఉన్నాయి. "ఒజిసన్" అంటే మావయ్య వరస, "ఒజీసన్" అంటే తాత. "కితె" అంటే రా, "కిత్తె" అంటే కొయ్యి. షాప్ ఫ్లోర్ మీద ఈ రెండోది చాలా పెద్ద తేడా. రోమన్‌లో చదివే మా వాళ్ళు కొందరు ఈ తేడాలు పలకలేక ఇబ్బంది పడడం చూస్తుంటాను, చెవి మనది బాగానే ఉంది, రాసుకున్న అక్షరమే మోసం చేస్తుంది. మనకి పట్టుబడనిది ఒక్కటే, స్వరం ఎత్తు తగ్గులు. "హషి" అనే మాట టోక్యో మాటతీరులో మొదట ఎత్తి పలికితే తినే పుల్లలు, రెండో అక్షరం ఎత్తితే వంతెన. ఇది కార్డులో చదివితే రాదు, ఆడియో పెట్టుకుని వినాల్సిందే.

నా పనికి పనికొచ్చిన మాటలు ఏ రెడీమేడ్ డెక్‌లోనూ లేవు. కిజు అంటే గీత, సబి అంటే తుప్పు, హెకొమి అంటే సొట్ట, బరి అంటే అంచు మీద మిగిలిపోయే బర్, ఫుర్యో అంటే రిజెక్ట్ అయిన పీసు, జుమెన్ అంటే డ్రాయింగ్, నోకి అంటే డెలివరీ తేదీ. వీటికి పాత రిపోర్టుల నుంచి ఒక్కో వాక్యం తీసుకుని సొంత డెక్ కట్టుకున్నాను, పేర్లూ పార్ట్ నంబర్లూ తీసేసి. కొన్ని నెలలకి రిపోర్టు పైన ఉన్న మూడు లైన్లు చదివి ఏ పార్టు, ఏ లోపం, ఎప్పటిలోగా అన్నది నాకు నేనే చెప్పగలిగాను. మా జపాన్ ఇంజనీరు ఆ తర్వాత నుంచి నాకు పంపే మెయిల్లో ట్రాన్స్‌లేటర్ని పెట్టడం మానేసి, వాక్యాలు చిన్నవిగా రాయడం మొదలుపెట్టారు. నాకు ఏ సర్టిఫికెట్ వచ్చినా అంత సంతోషం కలగలేదు. ఏ రంగంలో ఉన్నా ఇలాగే చేయండి. కేర్‌గివర్‌గా జపాన్ వెళ్ళాలని చూస్తున్నవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు చాలామంది ఉన్నారు, 2019లో జపాన్ మొదలుపెట్టిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకి భాష వరకు జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో ఎన్4 (కింద నుంచి రెండో మెట్టు, మొదటిది ఎన్5) గానీ, జేఎఫ్‌టీ-బేసిక్ అనే ఇంకో భాషా పరీక్ష గానీ ఉంటే చాలు, కేర్‌గివర్లకి దానిపైన ఆ పనికి సంబంధించిన భాషా పరీక్ష ఇంకోటి ఉంటుంది. అలాంటివాళ్ళు మంచం, మందు, నొప్పి, స్నానం మాటలతో సొంత డెక్ ముందు నుంచే కట్టుకుంటే మేలు.

అంకి చేయలేనివి కూడా చెప్పాలి. అది పాఠం చెప్పదు. వ్యాకరణం దాంతో మొదలుపెడితే ఏమీ అర్థం కాదు, పక్కన ఒక వరసైన కోర్సు ఉండాలి. జపాన్ ఫౌండేషన్ వాళ్ళ మినాతో అనే సైట్‌లో సొంతంగా చదువుకునే కోర్సులు ఉచితం, 2016 నుంచి ఉంది, నాకు అది బాగా నప్పింది. పాఠం అక్కడ, గుర్తుపెట్టుకోవడం ఇక్కడ. పాయింట్లూ వరస రోజుల లెక్కలూ ఇచ్చే ఆటలాంటి యాప్ ఒకటి కూడా చాలాకాలం వాడాను. హాయిగా ఉంటుంది, అక్షరాలు నేర్చుకునేదాకా మంచిదే. తర్వాత అది నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఎంచుకోమంటూనే ఉంటుంది, మన ఎదుట నిలబడ్డ మనిషి ఆప్షన్లు ఇవ్వడు కదా.

మాట్లాడడం కూడా అంకి నేర్పదు. జేఎల్‌పీటీ కూడా ఈ విషయంలో మనల్ని తొందరపెట్టదు, అందులో మాట్లాడే పరీక్షే లేదు. ఎన్5లో 180కి 80 వస్తే పాస్, కాకపోతే వినికిడి భాగంలో 60కి కనీసం 19, మిగతా భాగంలో 120కి కనీసం 38 రావాలి, అంతే. ఆ కాగితం చేతిలో పట్టుకుని "టాయిలెట్ ఎక్కడ" అని అడగలేనివాళ్ళున్నారు. నేను దీనికి రెండు పనులు చేస్తాను. కార్డుల్లో సగం తిరగేసి పెడతాను, ముందు తెలుగు వాక్యం, వెనక జపనీస్, చూసి గట్టిగా పలికాకే తిప్పుతాను. ఇంట్లో పిల్లలు పడుకున్నాక వీలుకాదు, డాబా మీదికి వెళ్తాను. రెండోది, భోజనం దగ్గర జపాన్ వాళ్ళ టేబుల్‌కి వెళ్ళి కూర్చోవడం. మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది, కానీ వాళ్ళు మన తప్పుల్ని ఓపిగ్గా వింటారు, నా వరకు ఒక్కరూ నవ్వలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, పేరుకుపోవడం. కొత్త కార్డులు రోజుకి 20 అని డిఫాల్ట్‌గా ఉంటుంది. ఉద్యోగస్తుడికి అది ఎక్కువ. ఆ లెక్కన పోతే కొద్ది వారాల్లోనే రోజుకి వంద పైచిలుకు రివ్యూలు వస్తాయి, సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి గుట్ట అయి కూర్చుంటుంది, చాలామంది మానేసేది ఆ గుట్ట చూసే. ఎనిమిదో పదో పెట్టుకోండి. షిఫ్ట్ మారే వారం కొత్తవి సున్నా చేసి పాతవి మాత్రం తిప్పండి. గుర్తులేని కార్డుకి "హార్డ్" నొక్కొద్దు. హార్డ్ అంటే కష్టంగానైనా గుర్తొచ్చిందని అర్థం, గుర్తు రాకపోతే "అగెయిన్" నొక్కాలి, లేకపోతే లెక్కంతా పాడవుతుంది. ఎన్నిసార్లు చూసినా ఎక్కని కార్డుకి అదే గుర్తు పెడుతుంది, సెట్టింగ్‌ని బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది, దాన్ని బలవంతంగా వెనక్కి తేకండి, వేరే వాక్యంతో కొత్తది చేసుకోండి.

కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల గురించి అందరూ భయపడతారు. వాడుకలో ఉండాల్సినవని ప్రభుత్వం పెట్టిన జాబితాలో 2136 ఉన్నాయి, ఎన్5 స్థాయికి సుమారు వంద చాలు. విడి కంజీ కార్డులు నాకు పనికిరాలేదు, మాటలో భాగంగా చూసినవే నిలిచాయి. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

మొన్న మా లైన్‌లో కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, ఏ యాప్ వేసుకోమంటావు, డబ్బులు కట్టాల్నా" అని అడిగాడు. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే అంకిడ్రాయిడ్ వేసుకోవాలి, పూర్తిగా ఉచితం, వాలంటీర్లు తయారుచేస్తున్నది, నెట్ లేకపోయినా నడుస్తుంది కాబట్టి బస్సులో సిగ్నల్ పోయినా ఇబ్బంది లేదు. అదే పేరుని పోలిన వేరే యాప్‌లు స్టోర్‌లో చాలా కనిపిస్తాయి, నెలనెలా డబ్బడిగేవి కూడా ఉన్నాయి, పేరు సరిచూసుకుని వేసుకోండి. కంప్యూటర్‌లోనూ ఉచితమే, కార్డులు తయారుచేయడం అక్కడే సుళువు, తెలుగు టైపింగ్ కూడా. ఐఫోన్‌కి మాత్రం ఒక్కసారి 25 డాలర్ల దాకా కట్టాలి. అంత పెట్టడం కష్టమైతే అంకివెబ్‌ని బ్రౌజర్‌లో తెరిచి అదే డెక్‌ని ఉచితంగా తిప్పుకోవచ్చు.