పదేపదే పెరిగే శాతాలకు ఒకే సూత్రం: ఎక్సెల్ ఎంతవరకు అక్కరకు వస్తుంది?

ఒక మొత్తం ఏటా ఇంత శాతం చొప్పున పెరుగుతూ పోతే చివరికి ఎంతవుతుందో తేల్చడానికి చాలామంది ఎక్సెల్‌లో ఏడాదికొక వరుస పేర్చి, ప్రతి వరుసలోనూ అంతకుముందరి మొత్తానికి శాతం కలుపుకుంటూ వెళతారు. అది తప్పు లెక్క కాదు గాని, గడువు మారిన ప్రతిసారీ పట్టికను పొడిగించుకోవాలి. ఆ పనంతా ఒక్క గడిలో ముగించే సూత్రం ఇది: మొదటి మొత్తం × (1 + శాతం)^సార్లు. ఇక్కడ ^ అనేది ఘాతం గుర్తు, అంటే కుండలీకరణాల్లోని సంఖ్యను అన్నిసార్లు వేసుకొని గుణించడం. 1000ని 8% చొప్పున 10 సార్లు పెంచితే 2158.92 వస్తుంది. 8ని 10తో గుణించి 80% అనుకున్నవారి లెక్క 1800 దగ్గరే ఆగిపోతుంది; మిగిలిన 358.92 పెరుగుదల మీద వచ్చిన పెరుగుదలే.

ఈ సూత్రాన్ని ఎక్సెల్ క్షణంలో లెక్కిస్తుంది, అయితే రాసేవారి పొరపాటును పట్టుకోదు. కుండలీకరణాలు మరచి 1000*1+8%^10 అని రాస్తే, ముందు ఘాతం, తర్వాత గుణకారం, చివర కూడిక జరిగి, గడిలో దాదాపు 1000 మాత్రమే కనిపిస్తుంది. సూత్రం రాతలో దోషం లేదు కాబట్టి హెచ్చరికేమీ రాదు. అలాగే 8% అని కాక ఊరికే 8 అని ఇస్తే మొత్తం ప్రతిసారీ 9 రెట్లవుతుంది. అందువల్ల తెలిసిన జవాబున్న చిన్న లెక్కతో సూత్రాన్ని ఒకసారి సరిచూసుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఇదే పనికి ఎఫ్‌వి (FV) అనే ఫంక్షన్, అంటే ఎక్సెల్‌లో ముందే సిద్ధంగా ఉన్న సూత్రం, కూడా ఉంది. చెల్లించిన సొమ్మును, చేతికందే సొమ్మును అది వ్యతిరేక గుర్తులతో చూస్తుంది గనుక, 1000ని మామూలుగా ఇస్తే జవాబు రుణ (మైనస్) సంఖ్యగా వస్తుంది. కొత్తవారికి ఇది అనవసరమైన తికమక.

నాకు అన్నిటికంటే నచ్చినది ఎఫ్‌విషెడ్యూల్ (FVSCHEDULE) అనే ఫంక్షన్. శాతం ఏటా మారుతుంటే పై సూత్రం పనికిరాదు, ఈ ఫంక్షన్ మాత్రం శాతాల జాబితా మొత్తాన్ని ఒకేసారి తీసుకుంటుంది. 5%, 10%, 20% వరుసగా ఇస్తే 1000 కాస్తా 1386 అవుతుంది, అంటే పెరుగుదల 35% కాదు, 38.6%. ఇంతటి పెరుగుదలకు ఏటా సమానంగా ఎంత శాతం కావాలో ఎక్సెల్ 2013 వెర్షన్‌లో చేర్చిన ఆర్‌ఆర్‌ఐ (RRI) ఫంక్షన్ చెబుతుంది: మామూలు సగటు చూపే 11.67% కాదు, సుమారు 11.5%.